రంగులు ఆరిపోయే గది

ఆ కారిడార్ చివర గదికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే అందులో భయపడాల్సిందేమీ కనిపించదు. గోడకి ఒక పెద్ద స్క్రీన్, దాని కింద బల్ల, బల్ల మీద కీబోర్డు, చక్రాలు అరిగిపోయిన ఒక కుర్చీ. కారిడార్ వైపు గోడంతా అద్దం. చీకటి పడ్డాక మాత్రం ఆ అద్దం ముందు నుంచి నడవడానికి ఆఫీసులో అందరూ జంకేవాళ్ళు. దాహమేస్తే మెట్లు దిగి కింది అంతస్తుకి వెళ్ళేవాళ్ళు గానీ, ఆ గది పక్కనే ఉన్న నీళ్ళ మిషను దగ్గరికి వెళ్ళేవాళ్ళు కాదు.

ఈ సంగతి నాకు చెప్పింది మా వదిన. మా అన్నయ్య భార్య. ఆడపడుచుని కాబట్టి కాస్త ఉప్పూ కారం చల్లి చెప్తానని మీరనుకోవచ్చు. చల్లుతాను. కానీ ఆ రాత్రి గదిలో జరిగిన దాంట్లో మాత్రం నా చిటికెడు కూడా లేదు. అదంతా ఆమె చెప్పింది చెప్పినట్టే. ఉతికిన బట్టలు మడతపెడుతూ చెప్పింది. చెప్తున్నంతసేపూ ఒకే దుప్పటిని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

వదిన ప్రోగ్రాములు రాస్తుంది. వాళ్ళ కంపెనీ పని మందులు దాచే కోల్డ్ రూములకి కాపలా. ఆ కోల్డ్ రూములు ఎక్కడెక్కడో ఉంటాయి. లోపల చల్లదనం తగ్గితే మందులు పాడైపోతాయి. అందుకని ఒక ప్రోగ్రాం వాటన్నిటినీ కనిపెట్టుకుని ఉండి, ఈ రూము బాగుంది, ఆ రూము బాగుంది అని లైను తర్వాత లైను రాస్తూ పోతుంది. దాన్ని వాళ్ళు లాగ్ అంటారు. చివరి గదిలో స్క్రీన్ మీద రాత్రీ పగలూ కింది నుంచి పైకి పాకేవి ఆ లైన్లే.

ఆ ప్రోగ్రాం మొదలుపెట్టిన మనిషిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆయన రోజుల్లో నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు — అంతే. "అమ్మాయ్, చదవడం వచ్చినవాడికి రంగులెందుకు?" అనేవాడట వదినతో.

ఆయనకో అలవాటుండేది. ప్రోగ్రాం ఎంతవరకు సవ్యంగా నడిచిందో తెలియడానికి మధ్య మధ్యలో ఒక లైను రాయించేవాడు: *ఇక్కడిదాకా బాగానే ఉంది.* ప్రోగ్రాములు రాసేవాళ్ళందరూ ఇలాంటివి పెట్టుకుంటారట, పని అయ్యాక తీసేస్తారట. ఆయన తీసేవాడు కాదు. అన్నీ సరిగ్గా ఉన్న రాత్రి ఆ మాట చెప్పేవాళ్ళు కూడా ఒకరుండాలి కదా అనేవాడు.

మా వదిన పని నేర్చుకుంది ఆయన దగ్గరే. ఆయనకి ఒకే ఒక్క శిష్యురాలు. ఆ మాట చెప్పేటప్పుడు వదిన మెడ ఇప్పటికీ కాస్త నిక్కుతుంది.

ఒక రాత్రి ఆ చక్రాలరిగిన కుర్చీలోనే పెద్దాయన ప్రాణం పోయింది. స్క్రీన్ మీద లైన్లు పాకుతూనే ఉన్నాయి... కుర్చీలో మనిషి ప్రాణంతో లేడని తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత వదిన చెల్లెలు ఆ ఆఫీసులో చేరింది. చేర్పించింది వదినే.

ఆ పిల్ల చేతిలో ఏముందో నాకూ తెలుసు. మా ఇంటికొచ్చి వెళ్తే బీరువాలో చీరలు కూడా రంగుల వరసలోకి మారిపోతాయి. పెద్దాయన లాగ్‌ని చూడగానే, "అక్కా, ఇది చీమల బారులా ఉంది. ఇందులో ఏది మంచి వార్తో ఏది చెడ్డ వార్తో ఎలా తెలుస్తుంది?" అందట. అని ఊరుకుందా? బాగున్నవన్నీ లేత ఆకుపచ్చలో మెల్లగా వెళ్ళిపోయేట్టు చేసింది. అనుమానం ఉన్నవి పసుపు. ప్రమాదమైతే ఎరుపు. రూముల పేర్లన్నీ ఎడమ పక్క ఒక వరస, వేడిమి అంకెలు కుడి పక్క ఒక వరస. ఒకే మాట పదిసార్లు వస్తే పది లైన్లు కాకుండా ఒక్క లైనే. కంటికి అడ్డం వచ్చే చెత్తంతా బూడిద రంగులోకి జరిపేసింది.

చెత్త అంటే అందులో పెద్దాయన లైన్లు కూడా ఉన్నాయి. అవి బూడిద రంగులోకి కూడా పోలేదు... పూర్తిగా తీసేసింది. అక్కడ ఎవరు ఏం మార్చినా ఇంకొకరు చదివి ఒప్పుకోవాలట, ఆ మార్పుని వదినకే పంపింది. కాదనడానికి కారణమేముంది? చనిపోయిన మనిషి మాట అని రాస్తే నవ్వుతారు. వదిన ప్రతి లైనూ చదివింది. సరే అని నొక్కింది.

ఇక ఆఫీసంతా ఆ గది ముందే. పక్క టీముల వాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని వచ్చి నిలబడి చూసేవాళ్ళు. మేనేజరైతే, "ఇన్నాళ్ళకి ఈ స్క్రీన్‌కి ప్రాణం వచ్చింది," అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ అదేంటి, శవమా?" అని వదిన నా మీద కళ్ళెర్రజేసింది, ఆ మాటన్నది నేనైనట్టు. "లోపల పనిచేసే ప్రోగ్రాం నాది, పెద్దాయనది. మా చెల్లెలు రంగులు పూసింది. చిన్నప్పుడూ అంతే. లెక్క నేను చేసేదాన్ని, చుట్టూ గీత అది గీసేది. టీచరు ఎత్తి చూపించేది దాని పుస్తకాన్నే."

కడుపుమంట అని తనే అంది. నేను అనలేదు.

అప్పుడు మొదలైంది...

సాయంత్రం దాకా నిండుగా రంగులతో ఉన్న స్క్రీన్, తెల్లారేసరికి వెలవెలబోయి ఉండేది. నల్లటి దాని మీద తెల్లటి అక్షరాలు. పెద్దాయన రోజుల్లో ఎలా ఉండేదో అచ్చం అలా. చెల్లెలు మళ్ళీ రంగులు పెట్టేది. ఇంకో రాత్రి మళ్ళీ ఆరిపోయేవి.

ఎవరు ఆపుతున్నారో చూద్దామని చెల్లెలు ఆ స్క్రీన్‌ని నడిపే కంప్యూటర్ మిషను తెరిచింది. సెట్టింగు మార్చిన మనిషి ఎవరైతే వాళ్ళ పేరు అందులో పడుతుందట. పడింది.

పెద్దాయన పేరు.

ఇక చూస్కోండి. ఆ కుర్చీ చక్రాల చప్పుడు నేను చెవులారా విన్నానన్నాడు వాచ్‌మన్. రాత్రంతా స్క్రీన్‌ని కనిపెట్టుకుని ఉండే డ్యూటీ అతను ఇంకొకడు, అతని చోటు ఆ అద్దం ముందే. అతను మర్నాడే తన కుర్చీ లాక్కెళ్ళి కారిడార్ రెండో చివర, లిఫ్టు దగ్గర వేసుకున్నాడు. అక్కడి నుంచి అక్షరాలేం కనిపిస్తాయని మేనేజరు అడిగితే, "అక్షరాలెందుకు సార్, ఎరుపు కనబడితే పరిగెత్తుకొస్తాను," అన్నాడు. రంగులు ఆరిపోయిన రాత్రి మాత్రం కుర్చీని లిఫ్టు వైపు తిప్పుకుని, ఆ గదికి వీపు పెట్టి కూర్చునేవాడట.

మీ దగ్గర దాచడమెందుకు... ఆ దెయ్యం మా వదినే.

పెద్దాయన పోయినా ఆయన పేరుని ఆ మిషనులోంచి ఎవరూ తీసేయలేదు. అందరూ ఇంకెవరో తీసేస్తారనుకున్నారు. ఆయన పాస్‌వర్డ్ వదినకి తెలుసు. రాత్రి అందరూ వెళ్ళాక పక్క హాల్లోంచి చిన్న తలుపు తీసుకుని వెళ్ళడం, ఆయన పేరుతో లోపలికి పోవడం, రంగులు వద్దు అని ఒక్క మాట టైపు చేయడం, రావడం.

"సిగ్గేయలేదా వదినా?" అన్నాను.

"తెల్లారి దాని ముఖం చూసినప్పుడు వేసేది," అంది. "సాయంత్రం మళ్ళీ ఎవరో ఒకళ్ళు దాన్ని మెచ్చుకునేవాళ్ళు."

అలా ఉండగా, పై వాళ్ళు ఆఫీసుకొస్తున్నారని తెలిసింది. వచ్చి ఆ స్క్రీన్ చూసి, టీముకి లీడు ఎవరో చెప్తారు. ఉన్నది ఒక్క పోస్టు. నిలబడింది అక్కాచెల్లెళ్ళిద్దరే. పెద్దాయన తర్వాత ఆ చోటు తనదేనని మా వదిన ఆయన పోయిన రోజు నుంచీ అనుకుంటోంది. ఉద్యోగంలో ఆమె కోరుకున్నది ఆ ఒక్కటే.

వాళ్ళు రావడానికి ముందు రాత్రి...

ఆలస్యమవుతుందని అన్నయ్యకి ఫోన్ చేసి, వదిన తన సీట్లో ఊరికే కూర్చుంది. ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. చెల్లెలు కూడా వచ్చి, "రా అక్కా, కలిసి వెళ్దాం," అంది. పని ఉందని చెప్పింది వదిన. ఆ పిల్ల ఒక నిమిషం నిలబడి, ఏదో అనబోయి, మానేసి వెళ్ళిపోయింది.

హాల్లో లైట్లు ఆరిపోయాయి. వదిన చిన్న తలుపు తీసింది.

గదిలో లైటు లేదు. స్క్రీన్ వెలుగే. లేత ఆకుపచ్చ కాంతి ఆ ఖాళీ కుర్చీ మీద పడుతోంది... అక్కడక్కడా ఒక పసుపు లైను మెరిసి, పైకి పోయి, ఆకుపచ్చలో కలిసిపోతోంది. ఏ రూము ఎలా ఉందో గుమ్మంలోంచే తెలుస్తోంది.

"బాగుంది," అంది వదిన నాతో. "చాలా బాగుంది. అదే నా ఏడుపు."

పెద్దాయన పేరు కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టింది. ఆ ఒక్క మాటా టైపు చేసింది.

కింది నుంచి తెల్ల లైన్లు రావడం మొదలైంది. రంగు లైన్లు ఒక్కొక్కటే పైకి జరుగుతున్నాయి... జరిగి జరిగి, చివరి ఆకుపచ్చ లైను పై అంచు దగ్గర కాసేపు నిలబడ్డట్టు అనిపించి — పోయింది. గది మసకబారింది.

కారిడార్ అవతలి చివర డ్యూటీ అతను కుర్చీ ఈడ్చిన చప్పుడు. లిఫ్టు వైపు తిప్పుకున్నాడన్నమాట.

వదిన వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసిందో లేదో — కిర్రుమని...

కుర్చీ.

చూస్తే తన సంచి పట్టీయే కుర్చీ చేతికి తగులుకుంది. హమ్మయ్య అనుకుని, పట్టీ విడిపించుకుని, అలవాటు కొద్దీ తలెత్తి స్క్రీన్ వైపు చూసింది.

తెల్ల లైన్ల మధ్య ఒక తెల్ల లైను.

*ఇక్కడిదాకా బాగానే ఉంది.*

ఆ మాట ఇప్పుడు ప్రోగ్రాంలో లేదు. ఒక్కచోట కూడా లేదు. అన్నీ తీసేసిన మార్పుని చదివి, సరే అన్నది తనే. పారిపోదామంటే కాలు కదలదు. కళ్ళు మూసుకుందామన్నా మూతపడవు.

"సార్..." అంది.

ఆ లైను మెల్లగా పైకి జరుగుతోంది. వదిన కళ్ళు దాని వెంటే వెళ్తున్నాయి.

అప్పుడు — దాని కింద —

ఎరుపు.

రంగులు ఆపేసిన స్క్రీన్ మీద ఒకే ఒక్క ఎర్ర లైను. ముందూ వెనకా అంతా తెలుపే. కుర్చీ ఎర్రబడింది. బల్ల ఎర్రబడింది. తన చేతులు కూడా.

ఆ వెలుగులో చదివింది. ఒక కోల్డ్ రూము తలుపు తెరిచి ఉంది. లోపల వేడి పెరుగుతోంది. అది పసిపిల్లల టీకా మందులుండే రూము.

దెయ్యం మాట మర్చిపోయింది వదిన. అద్దం తలుపు తోసుకుని కారిడార్‌లోకి పరిగెత్తింది, డ్యూటీ అతన్ని పిలుస్తూ. అతను వెనక్కి తిరిగి చూశాడు. చీకటి గది, వెనక ఎర్రటి వెలుగు, జుట్టు విరబోసుకుని తన మీదకి పరిగెత్తుకొస్తున్న ఒక ఆడమనిషి... లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీదుగా కిందికి దూకేశాడు పాపం. నేను నవ్వేశాను. వదిన నవ్వలేదు.

మళ్ళీ గదిలోకి వచ్చి తనే ఫోన్ చేసింది. ఆ కోల్డ్ రూము దగ్గర కాపలా మనిషి నిద్రమత్తులో ఎత్తాడు. సరుకు దింపిన వాళ్ళు తలుపు సరిగ్గా మూయలేదు. అతను వెళ్ళి మూసేదాకా వదిన ఫోన్ పెట్టలేదు. అంకెలు దిగడం మొదలయ్యేదాకా ఆ కుర్చీలోనే కూర్చుంది... పెద్దాయన కుర్చీలో.

"తెల్ల లైన్లలో ఒక లైనుగా అది పైకి వెళ్ళిపోయి ఉంటే?" అంది నాతో. "రంగులు ఆర్పింది నేను. వాణ్ణి భయపెట్టి అటు తిప్పి కూర్చోబెట్టింది నేను. పసిపిల్లల మందులే..."

వదిన చేతిలోంచి దుప్పటి నేను తీసుకున్నాను.

ఆ రాత్రి వెళ్ళే ముందు వదిన రంగులన్నీ మళ్ళీ పెట్టింది. ఈసారి తన సొంత పేరుతో.

మర్నాడు పై వాళ్ళు వచ్చారు, స్క్రీన్ చూశారు. రాత్రి ఒక ఎర్ర లైను వల్లే మందులు దక్కాయని వాళ్ళకి చెప్పింది వదినే. లీడు పోస్టు చెల్లెలికి ఇచ్చారు.

"చప్పట్లు కొట్టావా?" అన్నాను.

"అందరికంటే గట్టిగా."

"అసూయ పోయిందా మరి?"

"పోలేదు," అంది.

సాయంత్రం అక్కాచెల్లెళ్ళిద్దరే ఆ గదిలో మిగిలారు. వదిన తలుపు దగ్గరగా వేసి, ఆ దెయ్యం నేనే అని చెప్పేసింది.

"తెలుసక్కా," అంది చెల్లెలు.

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచీ. ఆయన పాస్‌వర్డ్ నీకు తప్ప ఎవరికి తెలుసు? ఆయనకి ఉన్నది ఒక్క శిష్యురాలే కదా. నాకు నువ్వే ఎన్నిసార్లు చెప్పావో."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను? నువ్వే మానేస్తావనుకున్నా. నిన్న నువ్వు రానన్నప్పుడు అర్థమైంది, ఆ రాత్రి కూడా ఆపుతావని. అప్పటికే ఒక పని చేసి పెట్టుకున్నా. రంగులు ఎవరు ఆపినా, ఎరుపు మాత్రం ఆగదు." ఆ పిల్ల తలొంచుకుంది. "ఆపిన రాత్రి ఏమైనా జరిగితే ఆ పాపం నీకు చుట్టుకుంటుందని."

వదినకి చెంప మీద కొట్టినట్టయింది. కొట్టినా బాగుండేదంది. దాని చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదట.

కాసేపయ్యాక అడిగింది. "సరేగానీ... ఆ తెల్ల లైను ఎందుకు పెట్టావే? నన్ను బెదిరించడానికా?"

"ఏ తెల్ల లైను?"

"ఆయనది. ఇక్కడిదాకా బాగానే ఉంది అని."

చెల్లెలు చేయి వెనక్కి తీసుకుంది. "అవన్నీ నేను తీసేశాను అక్కా. నువ్వే కదా సరే అన్నావు."

ఇద్దరూ కూర్చుని ప్రోగ్రామంతా వెతికారు. లేదు. రాత్రి వచ్చిన లైన్లన్నీ మిషనులో దాచి ఉంటాయట, అవీ పైనుంచి కిందికి చదివారు. ఎర్ర లైను ఉంది. దాని పైన ఏదో రూము బాగుందన్న మామూలు లైను. ఆ రెంటి మధ్య ఏమీ లేదు.

చెల్లెలు భయపడుతుందనుకుంది వదిన. భయపడలేదు. ముఖం మాడ్చుకుంది.

"నేను ఇంత అందంగా చేసి పెట్టానా," అంది మెల్లగా. "రోజూ ఈ గదిలో నేనే కదా ఉండేది. ఆయన కుర్చీ తుడిచేది కూడా నేనే. వచ్చి చూసి బాగుందని ఒక్క మాట... ఆయన నీకే చెప్పాడా?"

ఇదంతా జరిగి కొన్నాళ్ళయింది. వదిన మళ్ళీ ఎప్పుడూ ఆ సెట్టింగు ముట్టుకోలేదని నా మీద ఒట్టేసింది.

అయినా ఆ గదిలో రాత్రిళ్ళు రంగులు ఆరిపోతూనే ఉన్నాయి.

మొన్న వదిన ఫోను మర్చిపోయి, ఆఫీసుకి వెనక్కి వెళ్ళింది. హాల్లో చీకటి. చిన్న తలుపు కొంచెం తెరిచి ఉంది. లోపల మసక వెలుతురు... స్క్రీన్ నిండా తెల్ల లైన్లే. ఆ చక్రాలరిగిన కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు.

చెల్లెలు.

ఒక్కొక్క లైనూ వేలితో చూపించుకుంటూ చదువుతోంది. చదివి చదివి ఆగి, తలెత్తి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగింది —

"ఇక్కడిదాకా బాగానే ఉందా?"

వదిన అక్కడి నుంచి వచ్చేసింది. ఫోను కూడా తీసుకోలేదు.

"దెయ్యమంటే అంత భయమా వదినా నీకు? చెల్లెల్ని ఒక్కదాన్నీ వదిలేసి వచ్చేశావా?" అన్నాను.

వదిన నా చేతిలోంచి దుప్పటి తీసుకుని, మళ్ళీ విప్పింది.

"దెయ్యానికి కాదు," అంది. "మా చెల్లెలికి కూడా ఆయన జవాబొస్తుందేమోనని... అది చూసి నేను తట్టుకోలేను."